సాగులో కర్బన ఉద్గారాల తగ్గింపు: రోబోలు, స్వయంచాలక యంత్రాలు

పంటల సాగులో, పశుపోషణలో వెలువడే హరితగృహ వాయువులను తగ్గించడానికి నేడు ఎన్నో యంత్రాలు వాడుకలోకి వస్తున్నాయి. నేల తేమను కొలిచే సెన్సర్లు, వాటంతట అవే తెరుచుకునే నీటి వాల్వులు, డ్రోన్లు, డ్రైవరు లేని ట్రాక్టర్లు, కలుపు తీసే రోబోలు వీటిలో ముఖ్యమైనవి. ఇవేవీ ప్రధానంగా కర్బనం కోసం పుట్టినవి కావు. కూలీల కొరత, ఎరువుల ఖర్చు, నీటి ఎద్దడి వీటిని పొలానికి తెచ్చాయి. అయితే పొలంలో ఉద్గారాలకు, వృథాకు దగ్గరి చుట్టరికం ఉంది. పంట తీసుకోని నత్రజని, అవసరానికి మించి నిలబెట్టిన నీరు, ఒకే చాలు మీద రెండోసారి తిరిగిన ట్రాక్టరు, ఇవన్నీ రైతుకు ఖర్చే, వాతావరణానికి భారమే. ఎక్కడ ఎంత కావాలో కొలిచి అంతే వేసే యంత్రం ఈ వృథాను తగ్గిస్తుంది. కొలత లేకుండా పనిని మాత్రమే సులువు చేసే యంత్రం వృథాను ఇంకా పెంచగలదు. ఈ రంగంలోని ప్రతి పరికరాన్నీ ఈ గీటురాయి మీదే పరీక్షించాలి.

పొలం నుంచి వెలువడే వాయువులు

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ తన ఆరో నివేదికలో 2019 నాటి లెక్కలు ఇచ్చింది. ఆ ఏడాది మానవ కార్యకలాపాల వల్ల వెలువడిన హరితగృహ వాయువుల్లో దాదాపు 22 శాతం వ్యవసాయం, అడవులు, భూ వినియోగం నుంచి వచ్చాయి. అందులో ఇంచుమించు సగం అడవుల నరికివేత, భూ వినియోగ మార్పుల వాటా. మిగతాది పొలాల్లో, పశువుల కొట్టాల్లో పుట్టింది. భారతదేశం 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదిక ప్రకారం 2020లో దేశ ఉద్గారాల్లో వ్యవసాయం వాటా 13.72 శాతం. బోరు మోటార్లకు కాలిన బొగ్గు ఇందులో లేదు, అది ఇంధన రంగం పద్దులోకి వెళుతుంది. ఎరువుల కర్మాగారాల ఉద్గారాలకూ వేరే పద్దులున్నాయి. అవన్నీ కలుపుకుంటే సాగు భారం ఈ అంకె కన్నా ఎక్కువే.

పొలంలో మూడు వాయువులు ముఖ్యమైనవి. డీజిల్, బొగ్గు కరెంటు వల్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి ఆడని అడుసులో, నెమరువేసే పశువుల పొట్టలో మీథేన్ తయారవుతుంది. నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చేటప్పుడు నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కగడితే కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోలతో సమానం. ట్రాక్టరు పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే పడుతుంది. మడి నుంచి, నేల నుంచి, పశువు నోటి నుంచి వచ్చే వాయువులు కనిపించవు. సాగులో పెద్ద భారం వాటిదే. అందుకే డీజిల్ ట్రాక్టరును బ్యాటరీ ట్రాక్టరుగా మార్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు.

చరిత్ర

1992లో నెదర్లాండ్స్‌కు చెందిన లేలీ సంస్థ పాలు పితికే రోబోను రైతులకు అందించింది. 1996లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీపీఎస్ సంకేతాల ఆధారంగా ట్రాక్టరు తనంతట తానే చాలు తప్పకుండా నడవగలదని చూపారు. 1999లో యూరప్ రైతులకు యారా ఎన్-సెన్సర్ అందుబాటులోకి వచ్చింది. ట్రాక్టరు పైకప్పు మీద అమర్చిన ఈ పరికరం పైరు రంగును చదువుతూ, నడుస్తున్నప్పుడే నత్రజని మోతాదును పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ఎరువును పొలమంతా ఒకే తీరున చల్లే అలవాటును మార్చిన తొలి వాణిజ్య పరికరాల్లో ఇదొకటి.

2011లో కాలిఫోర్నియాలో మొదలైన బ్లూ రివర్ టెక్నాలజీ కెమెరాతో మొక్కను గుర్తించే యంత్రాలను తయారుచేసింది. 2017లో అమెరికా ట్రాక్టర్ల తయారీ సంస్థ జాన్ డీర్ ఆ సంస్థను 30.5 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని హార్పర్ ఆడమ్స్ విశ్వవిద్యాలయంలో ఒక హెక్టారు బార్లీని విత్తు నుంచి కోత దాకా యంత్రాలే పండించాయి. ట్రాక్టరు సీటులో డ్రైవరు కూర్చోలేదు, పైరును చూడటానికి నిపుణుడు పొలంలోకి దిగలేదు. 4.5 టన్నుల దిగుబడి వచ్చింది. ఈ ప్రయోగం పెద్ద యంత్రాలతో జరగలేదు. చిన్న ట్రాక్టరు, పాత కంబైన్ హార్వెస్టర్‌లకే నడిపే పరికరాలు బిగించారు. ఆ తర్వాత 2022లో జాన్ డీర్ డ్రైవరు అవసరం లేని భారీ ట్రాక్టరును ప్రదర్శించింది.

వరి మడిలో మీథేన్

తెలుగు ప్రాంతాలకు ఈ అంశంలో అన్నిటికన్నా దగ్గరి విషయం వరి. ప్రపంచంలో మానవ కార్యకలాపాల వల్ల వెలువడే మీథేన్‌లో దాదాపు 8 నుంచి 10 శాతం వరి సాగుదే. మడిలో నీరు నిలబెడితే అడుసులోకి ఆక్సిజన్ అందదు. అప్పుడు కొయ్యకాళ్లను, వేళ్లను, పచ్చిరొట్టను తినే సూక్ష్మజీవులు మీథేన్‌ను విడుదల చేస్తాయి. అందులో ఎక్కువ భాగం బుడగలుగా పైకి రాదు, వరి కాడల్లోని గాలి గొట్టాల గుండా బయటపడుతుంది.

దీనికి మందు మడిని మధ్యమధ్య ఆరనివ్వడమే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ తడి-పొడి విధానానికి సులువైన కొలత చూపించింది. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ పైపుకో వెదురు బొంగుకో చుట్టూ రంధ్రాలు చేస్తారు. దాన్ని 15 సెంటీమీటర్లు పైకి ఉండేలా మడిలో దింపి, లోపలి మట్టిని తీసేస్తారు. మడి పైకి ఆరినట్టు కనిపించినా గొట్టంలోకి తొంగి చూస్తే నీరు ఎంత లోతున ఉందో తెలుస్తుంది. నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగితే మళ్లీ 5 సెంటీమీటర్ల మేర తడి పెట్టాలి. అప్పటిదాకా వేళ్లకు నీరు అందుతూనే ఉంటుంది. నాటిన ఒకటి రెండు వారాల తర్వాత ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాతి వరకు మాత్రం మడిలో నీరు తగ్గనివ్వకూడదు. ఇలా పలుమార్లు ఆరబెట్టిన మడిలో మీథేన్ దాదాపు 45 శాతం తగ్గుతుందని ఐపీసీసీ లెక్కల గుణకాలు చెబుతున్నాయి. నీటి వాడకం కూడా 30 శాతం దాకా తగ్గవచ్చు.

ఇంత తేలికైన పద్ధతి ఎక్కువగా వ్యాపించకపోవడానికి కారణం చాకిరీ, భయం. ప్రతి మడికీ వెళ్లి గొట్టంలోకి చూడాలి, సరైన వేళకు నీరు పెట్టాలి. ఒక్కసారి ఆలస్యమైతే పైరు బెట్టకు వస్తుందేమోనని రైతు జంకుతాడు. స్వయంచాలక సాధనాలు ఇక్కడే పనికొస్తాయి. అదే గొట్టంలో నీటిమట్టాన్ని కొలిచే సెన్సర్ పెడితే ఆ సమాచారం ఫోనుకు చేరుతుంది, లేదా నేరుగా వాల్వును తెరుస్తుంది. జపాన్‌లో కుబోటా గ్రూపు అమ్ముతున్న వటరాస్ పరికరం మడికి నీరు పెట్టడం, తీయడం రెండూ తానే చూసుకుంటుంది. ఆ దేశ ప్రభుత్వం 2023లో, పిలకల దశ తర్వాత మడిని ఆరబెట్టే గడువును మరో వారం పొడిగించిన రైతులకు కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన ఉద్గారాలకు బదులుగా అమ్ముకోదగిన పత్రాలు, ఇచ్చే ఏర్పాటు చేసింది.

మడి ఎగుడుదిగుడుగా ఉంటే ఏ సెన్సరూ అక్కరకు రాదు. పల్లంలో నీరు నిలిచి ఉండగానే మెరక ఎండిపోతుంది. లేజర్ కిరణం ఆధారంగా బ్లేడు దానంతటదే పైకి కిందికి కదిలే లెవెలర్‌తో నేలను చదును చేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఉత్తర భారత మైదానాల్లో ఇరవై ఏళ్లుగా వాడుకలో ఉన్న ఈ యంత్రం నీటిని, మోటారు కరెంటును కలిపి ఆదా చేస్తుంది. దమ్ము చేయకుండా డ్రిల్‌తో పొడి దుక్కిలో వరి విత్తడం మరో మార్గం. కేజ్‌వీల్ ట్రాక్టరు తాగే డీజిల్ మిగులుతుంది, నీరు నిలిచే రోజులూ తగ్గుతాయి. ఇలాంటి సాగులో అసలు సమస్య కలుపు. చాళ్ల మధ్య కలుపును గుర్తించి తీసే యంత్రాలకు ఇక్కడ నిజమైన అవసరం ఉంది.

తడి-పొడి విధానంలో ఒక జాగ్రత్త అవసరం. యూరియా వేసిన వెంటనే మడిని ఆరబెడితే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. మీథేన్ తగ్గడం వల్ల కలిగిన మేలులో కొంత ఇలా పోతుంది. అందుకే నీటి సెన్సర్‌ను, ఎరువు వేసే వేళను జోడించి చూడాలి.

నత్రజని: కనిపించని పెద్ద పద్దు

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. ఐపీసీసీ వాడే ప్రపంచ సగటు ప్రకారం వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో గాలిలో కలుస్తుంది. బస్తాకు అది దాదాపు 325 గ్రాములు. చూడటానికి చిన్న అంకె, కానీ 273తో హెచ్చిస్తే 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమవుతుంది. యూరియా కరిగేటప్పుడు నేరుగా వెలువడే కార్బన్ డయాక్సైడ్ మరో 33 కిలోలు. రెండూ కలిపితే 122 కిలోలు, అంటే దాదాపు 45 లీటర్ల డీజిల్ కాల్చినంత. కర్మాగారంలో సహజ వాయువు నుంచి అమ్మోనియా తయారైనప్పటి ఉద్గారాలు ఇందులో చేరలేదు. నీరు నిలిచే వరి మడిలో నైట్రస్ ఆక్సైడ్ ఈ సగటు కన్నా తక్కువ. మొక్కజొన్న, పత్తి, మిరప వంటి ఆరుతడి పంటలకు ఈ లెక్క దగ్గరగా ఉంటుంది.

వేసిన నత్రజనిలో పంటకు దక్కేది తరచూ సగం కూడా ఉండదు. కాబట్టి దిగుబడి తగ్గకుండా బస్తాలు తగ్గించే అవకాశం ఉంది. అమెరికాలోని ఒక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న గ్రీన్‌సీకర్ పరికరం ఆకుల మీద కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన వెలుగును బట్టి పైరు ఏపును అంచనా వేస్తుంది. చేత్తో పట్టుకునేదీ ఉంది, ట్రాక్టరుకు బిగించేదీ ఉంది. డ్రోన్ కెమెరాలు, ఉపగ్రహ చిత్రాలు ఇదే పనిని పెద్ద విస్తీర్ణంలో చేస్తాయి. డ్రిప్ పైపుల ద్వారా ఎరువును నీటిలో కలిపి కొద్దికొద్దిగా వేళ్ల దగ్గరికే పంపే ఏర్పాటు వీటన్నిటికన్నా పాతది, నమ్మకమైనది. దానికి టైమరు, తేమ సెన్సర్ జోడిస్తే పూర్తి స్వయంచాలక వ్యవస్థ అవుతుంది. యంత్రం లేనివారికి వరి పరిశోధకులు ఇచ్చిన ఆకు రంగు పట్టిక ఉంది. ఆకును పట్టిక మీది ఆకుపచ్చ రంగులతో పోల్చి చూసి, పై మందు వేయాలో వద్దో తేల్చుకోవచ్చు.

డ్రోన్లతో పిచికారీ చేస్తున్న నానో యూరియా విషయంలో తొందరపాటు తగదు. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021లో తెచ్చిన ఈ ద్రవం అర లీటరు సీసాతోనే బస్తా యూరియాకు బదులు పనిచేస్తుందని ప్రచారం జరిగింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం జరిపిన రెండేళ్ల క్షేత్ర పరీక్షల్లో మాత్రం వరి, గోధుమ దిగుబడులు తగ్గాయి. దిగుబడి పడిపోతే అదే ధాన్యం కోసం మరింత భూమి దున్నాలి. అలాంటి ఆదా కర్బన లెక్కలో ఆదా కిందికి రాదు.

దుక్కి, కలుపు, యంత్రాల బరువు

జాన్ డీర్ సీ అండ్ స్ప్రే యంత్రం వెడల్పాటి పిచికారీ కమ్మీ (బూమ్) మీద 36 కెమెరాలతో పొలాన్ని చూస్తూ, కలుపు మొక్క కనిపించిన చోటే మందు కొడుతుంది. 2024 సీజన్లో కలుపు మందు సగటున 59 శాతం ఆదా అయిందని ఆ సంస్థ ప్రకటించింది. డెన్మార్క్‌కు చెందిన ఫార్మ్‌డ్రాయిడ్ రోబో సౌర ఫలకాలతో నడుస్తుంది. విత్తేటప్పుడే ప్రతి గింజ ఎక్కడ పడిందో సెంటీమీటర్ల తేడాలో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వచ్చి, మొలక ఉండాల్సిన చోటు వదిలి మిగతా అంతా గీకేస్తుంది. కెమెరా లేదు, మందు లేదు, డీజిల్ లేదు. చక్కెర దుంప వంటి పంటల్లో ఇది యూరప్ అంతటా పనిచేస్తోంది. జపాన్‌లో ఐగామో రోబో వరి మడిలో తేలుతూ అడుసును కలుపుతుంది. నీరు మురికిబారి వెలుతురు అందక కలుపు ఎదగదు. అక్కడి రైతులు బాతులను వదిలి చేయించే పని ఇది.

కర్బనం పరంగా చూస్తే కలుపు మందు ఆదా ఒక్కటే పెద్ద లాభం కాదు. ఎకరాకు పడే మందు తయారీ ఉద్గారాలు యూరియాతో పోలిస్తే స్వల్పం. నేలకు, నీటికి, పిచికారీ చేసే మనిషి ఆరోగ్యానికి దాని మేలు చాలా పెద్దది. వాతావరణానికి అసలు ప్రయోజనం మరో రెండు దారుల్లో వస్తుంది. కలుపు కోసం చేసే దుక్కులు తగ్గితే డీజిల్ తగ్గుతుంది. యంత్రం తేలికైతే నేల గట్టిపడదు.

రెండోది తరచూ మరుగున పడుతున్న విషయం. 2022లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, గింజలతో నిండిన కంబైన్ హార్వెస్టర్ బరువు 1958లో 4 టన్నులు ఉండగా 2020 నాటికి 36 టన్నులకు చేరింది. అంత బరువు కింద నేల అణిగితే వాన నీరు ఇంకదు, వేళ్లకు గాలి ఆడదు. అలాంటి తడి నేలలోనే నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. గట్టిపడ్డ నేలను దున్నడానికి డీజిల్ కూడా ఎక్కువ కావాలి. డ్రైవరు కూలి లెక్క ఉన్నంత కాలం ఒకే మనిషితో ఎక్కువ పని చేయించడానికి యంత్రాలు పెద్దవవుతూ వచ్చాయి. డ్రైవరు అవసరం లేకపోతే ఒక భారీ ట్రాక్టరుకు బదులు నాలుగు చిన్న యంత్రాలు నింపాదిగా తిరగవచ్చు. ఆస్ట్రేలియా రైతులు ఇంకో దారి పట్టారు. జీపీఎస్ సాయంతో చక్రాలన్నీ ఏటా అవే దారుల మీద నడిచేలా చూసి, మిగతా పొలాన్ని తొక్కకుండా కాపాడుకుంటున్నారు.

అమెరికాలోని వ్యవసాయ యంత్ర తయారీదారుల సంఘం లెక్క ప్రకారం ఖచ్చిత సాగు పరికరాల వల్ల అక్కడ ఇంధనం 6 శాతం, కలుపు మందులు 9 శాతం, నీరు 4 శాతం ఆదా అవుతున్నాయి. పరిశ్రమ సొంత లెక్కలోనే ఇంధన ఆదా ఇంత పరిమితంగా ఉందంటే, ట్రాక్టరును తెలివైనదిగా మార్చడం ఒక్కటే చాలదని తెలుస్తుంది.

నీటి మోటారు: రెండు రకాల స్వయంచాలకత

తెలుగు పల్లెల్లో స్వయంచాలక యంత్రం కొత్తది కాదు. కరెంటు రాగానే మోటారును నడిపించే ఆటో స్టార్టర్ దశాబ్దాలుగా బోర్ల దగ్గర ఉంది. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం, పాములకు, షాకులకు భయపడుతూ పొలానికి వెళ్లే బాధ నుంచి అది రైతును కాపాడింది. అయితే దానికి తెలిసింది కరెంటు ఉందా లేదా అన్నదొక్కటే. మడి నిండిందో లేదో దానికి పట్టదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, మోటార్లు రాత్రింబవళ్లు నడిచి భూగర్భ జలం అడుగంటుతుందన్న ఆందోళనతో ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరాయి.

లెక్క వేసి చూద్దాం. 5 హెచ్‌పీ మోటారు గంటకు నాలుగు యూనిట్లకు పైనే తీసుకుంటుంది. బొగ్గు మీద ఆధారపడిన మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే గంటకు ఇంచుమించు 3 కిలోలు. రోజుకు మూడు గంటలు అదనంగా, వంద రోజుల పంటకాలం నడిస్తే 900 కిలోలు. నిండిన మడిలోకి తోడిన ఆ నీరు మీథేన్‌ను కూడా పెంచుతుంది.

దీనికి విరుగుడు కూడా స్వయంచాలకతే, కానీ కొలత ఉన్నది. పుణెలో తయారైన నానో గణేశ్ వంటి మొబైల్ స్టార్టర్లతో రైతు ఇంటి నుంచే మోటారు వేయవచ్చు, ఆపవచ్చు. దానికి మడిలోని నీటిమట్టం సెన్సర్‌నో, ఆరుతడి పొలంలోని తేమ సెన్సర్‌నో కలిపితే మోటారు అవసరం తీరగానే ఆగుతుంది. ఆటో స్టార్టర్ ఇచ్చిన సుఖం అలాగే ఉంటుంది, వృథా పోతుంది. సౌర పంపుసెట్లకూ ఇదే సూత్రం. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకం కింద ఇచ్చే సోలార్ పంపు బొగ్గు ఉద్గారాలను ఆపుతుంది, కానీ ఎండ ఉన్నంతసేపూ ఉచితంగా తోడుతుంది. కొలత లేకపోతే కర్బనం తగ్గి, బోరు ఎండిపోతుంది.

పశుపోషణ

2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైగా ఉన్నాయి. వీటి త్రేన్పులతో వచ్చే మీథేన్ దేశ వ్యవసాయ ఉద్గారాల్లో అతి పెద్ద పద్దు. పాలు పితికే రోబో దీన్ని నేరుగా తగ్గించదు, కరెంటు వాడుతుంది కూడా. దాని మేలు పరోక్షమైనది. ప్రతి పశువు ఎంత తింటోందో, ఎంత పాలిస్తోందో, ఎప్పుడు జబ్బు పడబోతోందో ముందే తెలుస్తుంది. పశువు ఆరోగ్యంగా ఉండి పాలు పెరిగితే లీటరుకు పడే మీథేన్ తగ్గుతుంది. 3-ఎన్‌ఓపీ అనే దాణా మిశ్రమం పాడి పశువుల మీథేన్‌ను సుమారు 30 శాతం తగ్గిస్తుందని పలు దేశాల పరీక్షల్లో తేలింది. దాన్ని రోజూ సరైన మోతాదులో కలపడం స్వయంచాలక దాణా యంత్రాలున్న పెద్ద డెయిరీలకు తేలిక. ఇంటి ముందు రెండు గేదెలు కట్టుకున్న కుటుంబానికి ఆ యంత్రాలు అందవు. అక్కడ మేలైన పశుగ్రాసం, పశువైద్యం, పేడను గోబర్ గ్యాస్‌గా మార్చడం నేటికీ సరైన మార్గాలు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1 హెక్టారు. అమెరికా పొలాల కోసం తయారైన యంత్రాలకు ఇక్కడ తిరగడానికి కూడా చోటు చాలదు. అందువల్ల ఇక్కడ స్వయంచాలకత ఎక్కువగా డ్రోన్ల రూపంలో, డ్రిప్ రూపంలో, ఫోను రూపంలో వచ్చింది. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం డ్రిప్‌ను రాయలసీమ తోటల్లోకి విస్తారంగా తీసుకెళ్లింది. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తున్నాయి. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు అందించే లక్ష్యం పెట్టుకుంది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు రాయితీ. డ్రోన్ ఎకరానికి పది లీటర్ల నీటితో పది నిమిషాల్లోపే పిచికారీ ముగిస్తుంది. అయితే పొలమంతా ఒకే మోతాదు చల్లితే డ్రోన్ కూడా వేగంగా కదిలే పిచికారీ పంపు కిందే లెక్క. పురుగు ఉన్న చోటు, ఆకు పాలిపోయిన చోటు చూపే పటం దాని చేతికి ఇచ్చినప్పుడే మందు, ఎరువు తగ్గుతాయి.

ఖమ్మం జిల్లా మిరప రైతులతో తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన సాగుబాగు కార్యక్రమం ఈ విషయాన్ని చూపింది. అక్కడ రోబో లేదు. భూసార పరీక్షలు, ఫోనులో సలహాలు, కాయ నాణ్యతను యంత్రంతో పరీక్షించడం వంటివే ఉన్నాయి. తొలి దశలో ఏడు వేల మంది రైతుల దగ్గర ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందులు 9 శాతం, ఎరువులు 5 శాతం తగ్గాయని ప్రపంచ ఆర్థిక వేదిక వెల్లడించింది.

కొలత, కార్బన్ క్రెడిట్లు

తగ్గించిన ఉద్గారానికి డబ్బు రావాలంటే తగ్గిందని నిరూపించాలి. 2024లో కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. మడులు నిజంగా ఆరబెట్టారా లేదా అన్నది కాగితాల మీద తేలే విషయం కాదు. మడిలోని సెన్సర్, నేల తడిని మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహం కలిసి సాక్ష్యం చెబితే క్రెడిట్‌కు విలువ ఉంటుంది. ఇందులో రైతు హక్కు ముఖ్యం. సెన్సర్ ఇచ్చే సమాచారం ఎవరిది, క్రెడిట్ సొమ్ములో రైతు వాటా ఎంత, భూమి యజమానిదా కౌలు రైతుదా అన్నవి ఒప్పందంలో ముందే, తెలుగులో రాసి ఉండాలి.

పరిమితులు

మొదటిది, ఆదాకు ప్రతిఫలం లేకపోవడం. కరెంటు ఉచితం, నీటికి ధర లేదు, యూరియా బస్తా రూ.266.50. ఇన్ని ఉచితాల, రాయితీల మధ్య వేల రూపాయల సెన్సర్ కొన్న రైతుకు చేతికి మిగిలేది తక్కువ. అతను ఆదా చేసిన సొమ్ము ప్రభుత్వ సబ్సిడీ ఖాతాలో మిగులుతుంది. అందులో కొంత రైతుకే తిరిగి ఇవ్వడం న్యాయం.

రెండోది, మిగిలిన నీటితో ఇంకో ఎకరా తడపడం. డ్రిప్ వచ్చాక మొత్తం నీటి వాడకం తగ్గని ఉదాహరణలు ప్రపంచమంతటా ఉన్నాయి. మూడోది, కాలువ కింది ఆయకట్టులో ఒక మడి నుంచి మరో మడికి నీరు పారే చోట ఒక్క రైతు చేతిలో ఏమీ ఉండదు. అక్కడ సెన్సర్ కన్నా ముందు తూము, పిల్లకాలువ, వంతుల కట్టుబాటు బాగుపడాలి. నాలుగోది, మనుషుల బతుకు. నాట్లు, కలుపు పనుల్లో ఎక్కువగా ఉన్నది మహిళా కూలీలు. యంత్రం వల్ల పోయే పనిదినాలకు బదులు యంత్రాలను నడిపే, మరమ్మతు చేసే పని వారికే నేర్పాలి. ఐదోది, యంత్రానికీ కర్బన భారం ఉంది. ఉక్కు, బ్యాటరీ, చిప్పు తయారీలో ఉద్గారాలు వెలువడతాయి. ఏడాదికి పది రోజులే తిరిగే రోబో ఆ అప్పు తీర్చడం కష్టం. అద్దె కేంద్రాల ద్వారా ఊరంతా వాడుకుంటేనే లెక్క కుదురుతుంది.

మొత్తం మీద

ఇప్పటివరకు ఉన్న ఆధారాలను బట్టి సాగులో ఉద్గారాల తగ్గింపుకు అత్యధిక అవకాశం వరి మడి నీటిలోనూ, నత్రజని మోతాదులోనూ, పశువుల దాణాలోనూ ఉంది. డ్రైవరు లేని ట్రాక్టరు వాటి తర్వాతి మాట. పరిశోధనకూ రాయితీలకూ ఇదే వరస ఉండాలి. డ్రోన్ మీద ఎనిమిది లక్షలు పెట్టగలిగిన ప్రభుత్వాలు మడి గొట్టానికి, నీటిమట్టం సెన్సర్‌కు, కొలత ఉన్న స్టార్టర్‌కు కూడా అదే శ్రద్ధతో డబ్బు పెట్టాలి. రైతులు ఈ సీజన్ నుంచే ఎకరాకు ఎన్ని బస్తాలు వేశారో, మోటారు ఎన్ని గంటలు నడిచిందో, మడి ఎన్నిసార్లు ఆరిందో పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాలి. రేపు ఏ యంత్రం కొనాలన్నా, ఏ క్రెడిట్ అడగాలన్నా ముందు కావలసింది ఆ లెక్కే.